ఆచార్య పుల్లయ్య వృక్షశాస్త్ర పరిశోధనలు – విద్యార్థులకు గల అవకాశాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్లు నిండిన విద్యాలయపు పండుగనాడు జరిగిన దానిని స్మరించుకోవడం ఆచారం. దానితోపాటు ఇకముందు జరగవలసిన దానిని గురించి ఆలోచించడం కూడా ఆ పండుగకు శోభనిస్తుంది. పదవ తరగతి దాటిన పిల్లవాడు ఏ శాస్త్రం చదవాలి, ఆ చదువు తన ఊరికి ఏ విధంగా ఉపకరిస్తుంది అనే ప్రశ్నకు సమాధానంగా, రాయచూరుకు పొరుగుననే ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో జీవితకాలం కృషి చేసిన ఒక తెలుగు వృక్షశాస్త్రజ్ఞుని పరిశోధనలను పరిచయం చేయడం ఈ ప్రసంగం ఉద్దేశ్యం. ఆయన అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ ఆచార్యులుగా పేరొందిన తమ్మినేని పుల్లయ్య గారు.

రెండు గ్రంథాల నడుమ మిగిలిన నేల

ఒక ప్రాంతంలో సహజంగా పెరిగే మొక్కలన్నిటినీ సేకరించి, గుర్తించి, వర్ణించి, అవి ఎక్కడెక్కడ దొరుకుతాయో తెలిపే గ్రంథాన్ని శాస్త్రజ్ఞులు ‘ఫ్లోరా’ అంటారు. తెలుగులో దానిని వృక్షసంపద గ్రంథమనవచ్చు. ఒక ఊరికి భూమి లెక్కల రికార్డు ఎటువంటిదో, ఒక ప్రాంతపు పచ్చదనానికి ఈ గ్రంథం అటువంటిది.

దక్షిణ భారతదేశంలో ఈ కృషి చాలా ముందుగానే మొదలైనది. స్కాట్లాండ్ దేశీయుడైన విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి గోదావరి మండలంలోని సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించినాడు. తెలుగు రైతులు చెప్పిన పేర్లను వ్రాసుకొన్నాడు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించినాడు. ఆ కృషి 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడినది. తెలుగువారి ‘సోమిద’ చెట్టు నేటికీ శాస్త్రలోకంలో ‘సోయ్‌మిడా’ అనే లాటిన్ పేరుతో చలామణి అవుతున్నది. ఎవరో ఒక పల్లెటూరి మనిషి పలికిన మాట ప్రపంచ శాస్త్రభాషలో శాశ్వతంగా నిలిచిపోయినదన్నమాట. ఆ మాట చెప్పిన మనిషి పేరు మాత్రం నిలువలేదు. ఆ బొమ్మలు గీసిన చిత్రకారులలో అత్యధికుల పేర్లు కూడా దక్కలేదు.

తరువాతి కాలంలో థియోడర్ కుక్ బొంబాయి రాష్ట్రపు గ్రంథాన్ని 1901–1908 నడుమ వెలువరించినాడు. గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు రాష్ట్రపు గ్రంథం 1915లో ఆరంభమై, ఆయన మరణానంతరం ఫిషర్ చేతిలో 1936 నాటికి పూర్తి అయినది. బళ్ళారి, కర్నూలు, అనంతపురం జిల్లాలు మద్రాసు గ్రంథంలో చేరినవి. ధారవాడ, బిజాపుర ప్రాంతాలు బొంబాయి గ్రంథంలో చేరినవి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది నిజాం ఏలుబడిలో ఉన్నందున ఈ రెండింటిలోనూ దానికి చోటు దక్కలేదు. మొక్కలకు రాజ్యాలు లేకపోయినా, మొక్కలను గురించి వ్రాసే గ్రంథాలకు రాజ్యాలున్నవి. 1930ల దశకంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సయీదుద్దీన్ హైదరాబాదు సంస్థానపు సాధారణ పుష్పించు మొక్కలను గురించి వ్యాసాలు ప్రకటించినాడు. తూర్పు కర్ణాటక మొత్తానికి ఎన్. పి. సింగ్ రచించిన గ్రంథం రెండు సంపుటాలుగా 1988లో గాని రాలేదు.

1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరినది. అంతవరకు ఆ జిల్లాలోనే ఉన్న గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. 1997లో కొప్పళ వేరు జిల్లా అయినది. ఇన్నిసార్లు సరిహద్దులు మారినా తుంగభద్ర ఆవలి ఒడ్డున పూచే తంగేడు ఈవలి ఒడ్డున కూడా పూస్తూనే ఉన్నది. అందువలన ఆవలి ఒడ్డున జరిగిన పరిశోధన ఈవలి విద్యార్థికి పరాయిది కాదు.

పూవు లోపలి నుండి కొండల మీదికి

పుల్లయ్య గారి తొలి పరిశోధనలు మొక్కల పిండోత్పత్తి శాస్త్రానికి సంబంధించినవి. పరాగరేణువు కీలాగ్రం మీద వాలినది మొదలు, అండంలో పిండం ఏర్పడి విత్తనంగా మారేవరకు జరిగే మార్పులను పరిశీలించే శాస్త్రమిది. అందుకోసం ఆయన చామంతి కుటుంబాన్ని ఎన్నుకొన్నారు. ఆ విషయంపై ఆయన గ్రంథం 1984లో వెలువడినది.

ఈ కుటుంబం రాయచూరు పిల్లలకు చిరపరిచితమైనదే. పొలంలోని పొద్దుతిరుగుడు, గట్టు మీది గడ్డిచామంతి, రోడ్డు ప్రక్కనున్న వయ్యారిభామ, మూడూ ఈ కుటుంబానివే. మూడూ అమెరికా ఖండాల నుండి వచ్చినవే. పొద్దుతిరుగుడు పూవని అందరూ పిలిచేది నిజానికి ఒక పూవు కాదు. వందలాది చిన్న పూవులు ఒక పళ్లెంలో అమరిన గుంపు. మధ్యనున్న ప్రతి చిన్న పూవూ ఒక గింజ కావలసినదే. తేనెటీగలు రాక పరాగసంపర్కం సరిగా జరుగనప్పుడు ఆ గింజలు తాలుగా మిగులుతాయి. పూత సమయంలో పూలను మెత్తని గుడ్డతో రుద్దడమో, ఒకదానితో ఒకటి తాకించడమో చేయమని వ్యవసాయాధికారులు చెప్పడంలోని మర్మం ఇదే. సూక్ష్మదర్శిని క్రింద శాస్త్రజ్ఞుడు చూసినదీ, గింజ తాలుపోయినదని రైతు బాధపడేదీ ఒకే విషయం.

తరువాత పుల్లయ్య గారి దృష్టి ప్రయోగశాల నుండి కొండకోనల మీదికి మళ్లినది. రాయలసీమ, తెలంగాణ, తూర్పు కనుమల వృక్షసంపదను జిల్లాల వారీగా నమోదు చేయడం ఆయన కృషిలో ప్రధాన భాగమైనది. ఎన్. యశోదతో కలిసి అనంతపురం జిల్లా గ్రంథాన్ని 1989లో వెలువరించినారు. కర్నూలు, నిజామాబాదు జిల్లాల గ్రంథాలు 1995లో వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ వృక్షసంపద గ్రంథపు సంపుటాలు 1997లో ఆరంభమైనవి. తూర్పు కనుమల గ్రంథం 2002లో మొదలై సాగినది. తెలంగాణ గ్రంథం 2015లో వెలువడినది. ఓషధీ మొక్కలను గురించి కూడా ఆయన విస్తారంగా వ్రాసినారు. 2006లో వెలువడిన ప్రపంచ ఓషధీ మొక్కల విజ్ఞానకోశం అందుకు నిదర్శనం.

పేరు తప్పితే

మొక్క పేరు తెలుసుకోవడం ఇంత పెద్ద పనియా అని కొందరికి సందేహం కలుగవచ్చు. వేసవిలో రాయలసీమ వీధులలో అమ్మే నన్నారి పానీయమే దీనికి తగిన ఉదాహరణ. శాస్త్రరీత్యా సుగంధిపాల ఒక మొక్క. మారేడుగడ్డల తీగ మరొక మొక్క. రెండింటి వేళ్లకూ సువాసన ఉన్నది. బజారులో ఒకదాని బదులు మరొకటి చేరుతుంది. మారేడుగడ్డలనే కన్నడిగులు ‘మాకళి బేరు’ అని ఊరగాయ పెట్టుకుంటారు. గడ్డకోసం తవ్వితే తీగ చచ్చిపోతుంది. సుగంధిపాల పేరుతో మారేడుగడ్డలు అమ్ముడుపోతూ ఉంటే, ఏ మొక్క ఎంత తరిగిపోతున్నదో ఎవరికీ లెక్క తెలియదు. నేల ఉసిరి విషయమూ అంతే. ఒకే పేరుతో పిలువబడే మొక్కలు పొలంలో రెండు మూడు రకాలున్నవి. కామెర్ల మందుగా వాడే రకమేదో గుర్తించకుండా పీకి తెచ్చిన ఆకును రోగికి ఇవ్వడం ప్రమాదం.

పుల్లయ్య గారి పరిశోధనలో కణజాల వర్ధనం చోటుచేసుకొన్నది ఈ కారణంగానే. మొక్కలోని చిన్న భాగాన్ని సూక్ష్మజీవులు లేని గాజుపాత్రలో, పోషకద్రవ్యాల మధ్య పెంచి, అనేక మొక్కలుగా చేయడమే ఈ విధానం. ఎర్రచందనం, వేగిస, మారేడుగడ్డల తీగ వంటి వాటిపై ఆయన తన విద్యార్థులతో కలిసి ఈ ప్రయోగాలు జరిపినారు. అడవిలో నుండి తవ్వి తెచ్చే మొక్కను తోటలో పెంచగలిగితే అడవికీ, దానిని నమ్ముకొన్న కుటుంబానికీ మేలు కలుగుతుంది. ఎర్రచందనం పెంపకం, పరిరక్షణలపై ఆయన సంపాదకత్వంలో ఒక గ్రంథం 2019లో వెలువడినది.

ఈ ఆలోచన ఈ నేలకు కొత్తది కాదు. అశోకుని పేరు స్పష్టంగా చెక్కిన శాసనం 1915లో దొరికినది ఈ జిల్లాలోని మస్కిలోనే. పొరుగునున్న కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆయన పెద్ద శిలాశాసనాలున్నవి. వాటిలో రెండవది, మనుష్యులకూ పశువులకూ పనికివచ్చే మందుమొక్కలు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించినట్లు చెబుతున్నది. రెండు వేల రెండు వందల ఏండ్ల క్రిందట ఒక చక్రవర్తి బండమీద చెక్కించదగిన సంగతిగా దానిని భావించినాడు.

గురువు పేరు ప్రక్కన శిష్యుల పేర్లు

పుల్లయ్య గారి కృషిలో విద్యార్థులకు ముఖ్యంగా తెలియవలసినది ఒకటున్నది. ఆ జిల్లా గ్రంథాలు ఒక్కరి చేతిమీదుగా పూర్తి కాలేదు. ఆయన వద్ద పరిశోధన చేసిన యువకులూ యువతులూ ఒక్కొక్కరు ఒక్కొక్క జిల్లాను భుజాన వేసుకొన్నారు. అన్ని ఋతువులలోనూ కొండలెక్కి, వాగులు దాటి, మొక్కలు సేకరించి, వాటిని ఎండబెట్టి, విశ్వవిద్యాలయంలోని హెర్బేరియంలో భద్రపరచినారు. ఈ గ్రంథాల ముఖపత్రాల మీద గురువు పేరు ప్రక్కన శిష్యుల, సహచరుల పేర్లు కనిపిస్తాయి. కర్నూలు జిల్లా గ్రంథం మీద మొదట ఆర్. ఆర్. వెంకటరాజు పేరు, తరువాత పుల్లయ్య గారి పేరు ఉండడం గమనించదగినది. రాక్స్‌బర్గ్ చిత్రకారులకు దక్కని గౌరవం ఈ తరం విద్యార్థులకు దక్కినది.

కన్నడ నాట కూడా ఇదే సంప్రదాయం కానవస్తుంది. బెంగళూరు సెయింట్ జోసెఫ్ కళాశాలలో బోధించిన సెసిల్ సల్దానా, డాన్ నికల్సన్‌తో కలిసి 1976లో హాసన జిల్లా గ్రంథాన్ని వెలువరించినారు. ఆనాడు పొరుగు జిల్లాగా ఉన్న గుల్బర్గా వృక్షసంపదపై గుల్బర్గా విశ్వవిద్యాలయం వారి గ్రంథం 2000లో వచ్చినది. ఇవి ప్రధానంగా కళాశాల ఉపాధ్యాయులూ విద్యార్థులూ చేసిన పనులే.

పాఠశాల విద్యార్థి చేయగల పని

పరిశోధన అంటే పెద్ద చదువుల తరువాతి మాట అనుకోవడం సరికాదు. ఈ శాస్త్రంలో మొదటి మెట్టు పాఠశాల ఆవరణలోనే ఉన్నది.

మొదటిది, హెర్బేరియం. పూవుతోనో కాయతోనో ఉన్న చిన్న రెమ్మను పాత వార్తాపత్రికల మధ్య అమర్చి, పైన బరువు పెట్టి, మొదటి రోజులలో ప్రతిదినం కాగితాలు మారుస్తూ ఆరబెట్టాలి. పూర్తిగా ఎండిన తరువాత సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల మందపాటి కాగితానికి అతికించాలి. క్రింది మూలలో చీటీ అంటించాలి. మొక్క పేరు, దొరికిన ఊరు, తేదీ, నేల రకం, పూవు రంగు, సేకరించినవారి పేరు అందులో ఉండాలి. పూవు రంగు ఎండిన తరువాత మారిపోతుంది కనుక దానిని అప్పుడే వ్రాసుకోవాలి. చీటీ లేని మొక్క ఎండుగడ్డితో సమానం. అరుదైన మొక్కలను పెకలించరాదు. రక్షిత అడవులలో అనుమతి లేనిదే సేకరించరాదు. తెలియని ఆకును, కాయను నోట పెట్టరాదు. ఈ మూడు నియమాలను ఉపాధ్యాయులు ముందే చెప్పాలి.

రెండవది, పేర్ల పట్టిక. ఇందులో రాయచూరు తెలుగు పిల్లలకు ఇతరులకు లేని సౌలభ్యం ఉన్నది. ఇంట ఒక పేరు, వీధిలో మరొక పేరు వింటూ పెరిగే పిల్లలు వీరు. వేపను బేవు అనీ, కానుగను హొంగె అనీ, మోదుగను ముత్తుగ అనీ, చింతను హుణసె అనీ పిలవడం వారికి వెన్నతో పెట్టిన విద్య. నల్లతుమ్మ కన్నడిగులకు కరిజాలి. తెల్లతుమ్మ బిళిజాలి. తెలుగువారు సర్కారు తుమ్మ అనే ముళ్లచెట్టును కన్నడిగులు బళ్ళారి జాలి అంటారు. ఆ చెట్టు సర్కారు వారు నాటించినదని ఒక భాష, పరాయి చోటి నుండి వచ్చినదని మరొక భాష గుర్తుపెట్టుకొన్నవి. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీరు వచ్చిన తరువాత కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల నుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలో స్థిరపడిన కుటుంబాలు తమ వెంట తీరప్రాంతపు పేర్లను తెచ్చుకొన్నవి. ఆ తరం పెద్దలు ఒక్కొక్కరే కనుమరుగవుతున్నారు. నాయనమ్మకు తెలిసిన పదిమొక్కల పేర్లను మనుమరాలు నోటుపుస్తకంలో ఎక్కించకపోతే, అవి ఆ నాయనమ్మతోనే పోతాయి. ఏ విశ్వవిద్యాలయమూ వాటిని మళ్లీ తెచ్చి ఇవ్వలేదు.

మూడవది, ఋతువుల లెక్క. 2010లో దేశంలో ఆరంభమైన ‘సీజన్‌వాచ్’ అనే కార్యక్రమంలో పాఠశాల పిల్లలు ఒక చెట్టును ఎన్నుకొని, వారానికొకసారి దాని చిగుళ్లను, పూతను, కాయలను గమనించి నమోదు చేస్తారు. ఒక్క బడిలో, ఒక్క వేపచెట్టుకు పది సంవత్సరాల లెక్క ఉంటే, వాతావరణంలోని మార్పు పూతను ముందుకు తెచ్చినదో వెనుకకు నెట్టినదో ఆ లెక్కే చెబుతుంది.

నాలుగవది, ఊరి జీవవైవిధ్య పట్టిక. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల స్థాయిలో జీవవైవిధ్య నిర్వహణ సమితులు ఏర్పడి, ప్రజల జీవవైవిధ్య పట్టికలను తయారుచేయాలి. ఊరి పెద్దల జ్ఞానాన్ని శ్రద్ధగా వ్రాసుకోగల పిల్లలున్న పాఠశాల ఆ పనికి ఎంతో సహాయపడగలదు.

ఒక్క మొక్కను గమనించడం వల్ల ఏమవుతుందని అడిగేవారికి వయ్యారిభామ కథ చాలు. 1956లో పుణె నుండి ఈ మొక్కను ఆర్. ఎస్. రావు అనే శాస్త్రజ్ఞుడు దేశానికి కొత్తదిగా నమోదు చేసినాడు. ఆనాడు అది ఒకచోటి కలుపు మాత్రమే. నేడు అది దేశమంతటా వ్యాపించి, ఎందరికో చర్మవ్యాధులను, తుమ్ములను కలిగిస్తున్నది. దానిని తినే పురుగును 1980ల దశకంలో మెక్సికో నుండి బెంగళూరుకు తెప్పించవలసి వచ్చినది. కొత్త కలుపును మొదటే గుర్తించే కండ్లు ప్రతి ఊరిలోనూ ఉండాలి. కాలువ వెంట నడిచి బడికి వచ్చే పిల్లవాని కండ్ల కంటె దగ్గరగా చూసేవి ఏవి?

తల్లిదండ్రుల ప్రశ్న

‘ఈ చదువుతో ఉద్యోగం వస్తుందా?’ అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. ఇంజనీరింగు చదివినవారికి ఉన్నంత విశాలమైన ద్వారం ఇక్కడ లేదని దాచకుండా చెప్పాలి. అయితే ద్వారాలు మూసివేయబడి లేవు. భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ, విశ్వవిద్యాలయాలు, అటవీశాఖ, విత్తన సంస్థలు, ఆయుర్వేద ఔషధ పరిశ్రమలు మొక్కలను గుర్తించగలవారిని కోరుతున్నవి. 2008లో ఏర్పడిన వ్యవసాయ విజ్ఞాన విశ్వవిద్యాలయం రాయచూరులోనే ఉన్నది. మొక్కను చూచి పేరు చెప్పగలవారు ఏటేట తగ్గిపోతున్నందున, ఆ నేర్పు గలవారి విలువ తగ్గదు. పైగా బి.ఎస్‌సి. తరువాత పరిశోధన వైపు వెళ్లని విద్యార్థికి కూడా పరిశీలన, ఓపిక, ఉన్నది ఉన్నట్లు వ్రాసే నిజాయితీ అనే మూడు గుణాలు ఈ శాస్త్రం వలన అలవడతాయి. అవి పనికిరాని ఉద్యోగం లేదు.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు లాటిన్ పేర్లకు భయపడనవసరం లేదు. ఆ పేర్లు ఇంగ్లీషు మాధ్యమం వారికి కూడా పరాయివే. ఆ భాష ముందు అందరూ సమానులే. పైగా సోమిద వంటి మాటలు ఆ భాషలోకి వెళ్లినది తెలుగు నోటి నుండే.

డెబ్బై అయిదేండ్లకు డెబ్బై అయిదు మొక్కలు

ఈ ఉత్సవ సంవత్సరపు గుర్తుగా పాఠశాల ఒక పని చేపట్టవచ్చు. ఊరి పొలిమేరలలో, కాలువగట్ల మీద, గుట్టల మీద సహజంగా పెరిగే డెబ్బై అయిదు రకాల మొక్కలను తొలకరి నుండి వచ్చే వేసవి వరకు సేకరించి, తెలుగు, కన్నడ, లాటిన్ పేర్లతో ఒక హెర్బేరియం సిద్ధం చేయవచ్చు. పేర్లు సరిచూడడానికి విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖలను ఆశ్రయించవచ్చు. దీనికి కావలసినవి పాత వార్తాపత్రికలు, అట్టలు, జిగురు, ఒక చెక్క బీరువా, పురుగు పట్టకుండా చూసుకొనే శ్రద్ధ మాత్రమే. పూర్వ విద్యార్థులలో ఒకరు బీరువా ఇవ్వగలరు. తల్లిదండ్రులు పేర్లు ఇవ్వగలరు. ఉపాధ్యాయులు దారి చూపగలరు. మిగిలిన పని పిల్లలది.

సరిగా భద్రపరచిన హెర్బేరియం కాగితం రెండు మూడు వందల ఏండ్లు నిలుస్తుంది. రాక్స్‌బర్గ్ కాలంలో సేకరించిన మొక్కలను నేటి శాస్త్రజ్ఞులు ఇంకా తెరచి చూస్తున్నారు. పాఠశాల నూరేండ్ల పండుగ జరుపుకొనే నాటికి కొన్ని గుట్టలు చదును కావచ్చు, కొన్ని మొక్కలు కనబడకపోవచ్చు. అప్పుడెవరో ఒక విద్యార్థి ఆ బీరువా తెరచి, ఈ మొక్క ఒకప్పుడు ఈ ఊరిలో ఉండేదని తెలుసుకొంటాడు. చీటీ మీద ‘సేకరించినవారు’ అన్న మాటకు ఎదురుగా, ఈనాడు ముందు వరుసలో కూర్చున్న ఎనిమిదవ తరగతి పాప పేరు తెలుగు అక్షరాలలో ఉంటుంది.

ఆ పేరు వ్రాసుకొనే అవకాశం పిల్లలకు కలిగించడం పెద్దల వంతు. వ్రాయదగిన పని చేయడం పిల్లల వంతు. పాఠశాల మరింత అభివృద్ధి చెందాలని, ఇక్కడి పిల్లలు ఈ నేలను చదివి, ఈ నేలకు పేరు తేవాలని ఆకాంక్ష.